గుడారంలో ఆకాశం
(సంక్రాంతి కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రసంగాలు నాకు అలవాటు లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేను మాట్లాడింది ఎక్కువగా వైర్‌లెస్ సెట్లోనే. అందులో ఒక్క మాట ఎక్కువైనా తిట్లు పడేవి. కాబట్టి తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించాలని మనవి.

కార్యదర్శి గారు నన్ను "ప్లానెటోరియం నడిపే సుబేదార్ సాబ్" అని పరిచయం చేశారు. ఆ మాట వినగానే మీకు హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద 1985లో కట్టిన బిర్లా ప్లానెటోరియం గుర్తొస్తుంది. నాది అట్లాంటిది కాదు. పక్క హాల్లో నల్లగా ముడుచుకుని పడి ఉన్న బట్ట చూశారు కదా, అదే నా ప్లానెటోరియం. ఇందాక ఒక పాప దాన్ని చూసి "అంకుల్, అది టెంటా?" అని అడిగింది. టెంటేనమ్మా. మనవాళ్ళకు టెంటు కొత్తేమీ కాదు. బ్లోయరు ఆన్ చేస్తే పది నిమిషాల్లో గాలితో ఉబ్బి నిలబడుతుంది. అడ్డం అయిదు మీటర్లు, లోపల కింద కూర్చుంటే ఇరవై అయిదు మంది పిల్లలు పడతారు. మధ్యలో ఒక ప్రొజెక్టరు, దానికి చేప కన్ను లాంటి లెన్సు, పక్కన ల్యాప్‌టాపు. అందులో స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేరు. అంతే నా సరంజామా. మూడు పెట్టెలు. స్లీపర్ బోగీలో బెర్తు కింద పెట్టుకుని తెచ్చాను.

పెద్ద ప్లానెటోరియాల కథ వేరు. 1923లో జర్మనీలోని మ్యూనిక్‌లో జైస్ కంపెనీ వారు తయారుచేసిన యంత్రం మొదటిసారి గుమ్మటం మీద నక్షత్రాలను చూపించింది. లోపల దీపం, చుట్టూ సన్నని బెజ్జాలు, ఒక్కో బెజ్జం ఒక్కో చుక్క. గ్రహాలకు విడిగా గేర్లు. మన దేశంలో కలకత్తాలో 1960ల మొదట్లో వచ్చింది, బొంబాయిలో 1977లో, ఢిల్లీలో 1984లో. ఢిల్లీ నెహ్రూ ప్లానెటోరియానికి వెళ్తే రాకేశ్ శర్మ గారు 1984లో అంతరిక్షం నుంచి దిగి వచ్చిన సోయుజ్ కాప్స్యూల్‌ను తప్పకుండా చూడండి. నిప్పులో కాలి నల్లబడి ఉంటుంది. ఆయన హైదరాబాదులో చదువుకున్నవారే.

ఇక తోపఖానా వాడికి ఆకాశంతో ఏం పని అని అడుగుతారు. నేను ఆర్టిలరీలో సర్వే ట్రేడు. తోపులు ఏ దిక్కుకు గురి పెట్టాలో ఆ దిక్కును ముందు ఎవరో ఒకరు ఖచ్చితంగా చెప్పాలి. జీపీఎస్‌లు రాకముందు ఆ పని థియోడలైట్ పెట్టి పగలు సూర్యుణ్ణి, రాత్రి ధ్రువ నక్షత్రాన్ని చూసి చేసేవాళ్ళం. ధ్రువుడు కదలడని మనందరి నమ్మకం. కానీ అసలు ధ్రువానికి ఆయన కొంచెం పక్కగా ఉంటాడు, దాదాపు డిగ్రీలో మూడింట రెండు వంతులు. రోజుకొకసారి చిన్న చుట్టు తిరుగుతాడు. ఆ తేడా చూసుకోకపోతే పన్నెండు మిల్స్ తప్పు వస్తుంది. ఇరవై కిలోమీటర్ల దూరంలో అది రెండు వందల ముప్పై మీటర్లు. అక్కడ ఎవరుంటారో చెప్పలేం. మా ఉస్తాదు మొదటి రోజే "చుక్కను నమ్ము, కానీ టేబుల్ చూసి నమ్ము" అన్నాడు.

ఇంకో సంగతి. ధ్రువుడు ఎంత ఎత్తులో కనిపిస్తే మనం ఉన్న అక్షాంశం దాదాపు అంత. మా నల్లగొండలో పదిహేడు డిగ్రీలు, లేహ్‌లో ముప్పై నాలుగు. సరిగ్గా రెట్టింపు. మొదటిసారి లేహ్‌లో పోస్టింగు వచ్చినప్పుడు రాత్రి బయటికొచ్చి తల పైకెత్తి చూస్తే, మా ఇంటి చింతచెట్టు కొమ్మ దగ్గర ఉండాల్సిన చుక్క అంత పైకి ఎందుకు పోయిందా అని కాసేపు నిలబడిపోయాను. ఇంటికి ఎంత దూరం వచ్చానో మ్యాపులో కంటే అక్కడే బాగా తెలిసింది.

రిటైరయ్యాక మా జిల్లాలోనే ఒక బడిలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాను. ఒకరోజు ఎవరో ఇట్లాంటి గాలి గుమ్మటం తెచ్చి పిల్లలకు షో వేశారు. నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. లోపల కుర్రాడు మైకులో "ఆకాశంలో అన్నింటికన్నా ప్రకాశవంతమైనది ధ్రువ నక్షత్రం" అని చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. వెలుగులో దానికంటే ముందు నలభైకి పైగా చుక్కలున్నాయి. అందులో మొదటిది సిరియస్, ఈ జనవరి రాత్రుల్లో మనకు కనిపించేదే. షో అయ్యాక పక్కకు పిలిచి చెబితే ఆ అబ్బాయి "సార్, నాకిచ్చిన సీడీలో అట్లనే ఉంది" అన్నాడు. పాపం, వాడి తప్పు కాదు. వాడు రాత్రిపూట ఎప్పుడూ పైకి చూడలేదు, అంతే. ఆరు నెలల తర్వాత పెన్షను కమ్యూటేషన్ డబ్బులో కొంత తీసి పాత గుమ్మటం ఒకటి సెకండ్‌హ్యాండులో కొన్నాను. మా ఇంటామె రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆమె మాట తర్వాత వస్తుంది.

గుమ్మటం నడపడంలో కష్టం చుక్కలు చూపించడం కాదు, చీకటి చూపించడం. లైటు తీసేయగానే పిల్లలు కెవ్వున అరుస్తారు. నేను అరవనిస్తాను. తర్వాత అయిదు నిమిషాలు ఏమీ చూపించను. నైట్ పెట్రోలింగ్ చేసినవారికి తెలుసు, కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క తెల్ల టార్చి వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే నాది ఎర్ర కాగితం చుట్టిన టార్చి. ఒక ఊళ్ళో షో మధ్యలో కరెంటు పోయింది. బ్లోయరు ఆగింది, గుమ్మటం మెల్లగా పిల్లల మీదికి దిగింది. నైలాను బట్టే, దెబ్బ తగలదు. కానీ గాలి ఆడదు కదా, జిప్పు తెరిచి "బైఠ్ జావ్!" అని పాత అలవాటులో హిందీలో అరిచాను. ఒక్కరికీ అర్థం కాలేదు, అయినా అందరూ కూర్చున్నారు. ఒక్కొక్కరినీ బయటికి లాగాక ఆ పిల్లలు "ఇంకోసారి పడగొట్టండి సార్" అని వెంటపడ్డారు. అప్పటి నుంచి చిన్న జనరేటరు లేకుండా ఎక్కడికీ వెళ్ళను.

నేను పేర్లు మన తెలుగువే చెబుతాను. మా అవ్వ సప్తర్షులను ముసలమ్మ మంచం అనేది. నాలుగు కోళ్ళు, వెనక వరసగా మంచం ఎత్తుకుపోయే ముగ్గురు దొంగలు. కృత్తికలు పిల్లలకోడి. తెల్లవారుజామున వేగుచుక్క. ఆ దొంగల్లో నడిమివాడే వసిష్ఠుడు, పక్కనే సన్నగా అరుంధతి. పెళ్ళిలో పంతులుగారు చూపిస్తారు కదా. మనలో చాలామంది పెళ్ళిళ్ళు పగలే అయ్యాయి, "కనిపించిందా" అంటే "ఆఁ" అన్నాం. ముప్పై ఏళ్ళ తర్వాత నా గుమ్మటంలో అరుంధతిని మొదటిసారి చూసి గట్టిగా నవ్విన దంపతులు ఎందరో ఉన్నారు.

ఒక ఊళ్ళో పంచాంగం చెప్పే పెద్దాయన వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ మీద గొట్టంలోంచి దూరి లోపలికి రావడానికి ఇద్దరం సాయం పట్టాం. ఇరవై ఏడు నక్షత్రాలూ వరసగా చదివారు. నేను ఒక్కొక్కటీ చూపించాను. పున్నమి చంద్రుడు చిత్త దగ్గర ఉంటే చైత్రం, కృత్తిక దగ్గర ఉంటే కార్తీకం అని ఆయన పిల్లలకు చెప్పారు, నాకంటే బాగా చెప్పారు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని "సుబేదారు గారూ, నలభై ఏళ్ళుగా చిత్తానక్షత్రం అంటున్నాను. అది ఏ చుక్కో ఇవాళే చూశాను" అన్నారు. ఆ మాట అంతమంది ముందు అనగలిగిన ఆయన మీద నాకెంతో గౌరవం కలిగింది. ఆ రాత్రే అసలు చిత్తను చూపిస్తానన్నాను. అర్ధరాత్రి దాటేదాకా ఆయన అరుగు మీద కూర్చున్నారు.

ఈ పండగ సంగతి కూడా ఆయనతోనే మాట్లాడాను. సూర్యుడు దక్షిణం కొసకు వెళ్ళి ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణం అని సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15న. ఎందుకు తేడా? భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా తూలుతుంది. ఒక చుట్టుకు సుమారు ఇరవై ఆరు వేల ఏళ్ళు, అంటే డెబ్భై రెండేళ్ళకు ఒక డిగ్రీ. మకర రాశిని నక్షత్రాలతో లెక్కపెడతాం కాబట్టి పండగ కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతోంది. సుమారు పదిహేడు వందల ఏళ్ళ కిందట రెండూ ఒకేరోజు వచ్చేవి. పెద్దాయన విని, "అయితే అరిసెలు ఎప్పుడు వండుకోవాలంటావు?" అన్నారు. ఎప్పుడు వండినా తింటాను అన్నాను.

జవాన్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "సాబ్, నాకు ఏలినాటి శని. పోతుందా?" నేను ఎగతాళి చేయను. శని గ్రహం సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు. పన్నెండు రాశులు, ఒక్కో రాశిలో రెండున్నరేళ్ళు. మీ రాశికి ముందొకటి, మీదొకటి, తర్వాతొకటి, కలిపితే ఏడున్నర. అంటే ఏ రోజు చూసినా ప్రపంచంలో నాలుగో వంతు జనానికి ఏలినాటి శనే. నీ ప్లాటూనులో ముప్పై మంది ఉంటే ఏడెనిమిది మందికి ఉంటుంది, అందరికీ లీవు ఆగిందా అని అడుగుతాను. తర్వాత టెలిస్కోపులో శని వలయం చూపిస్తాను. చూసినవాడు "అరే, ఇంత అందంగా ఉంటాడా!" అంటాడు. నా పని అక్కడితో అయింది.

ఇప్పుడు నా మాట చెప్పాలి. ఇది చెప్పాలా వద్దా అని రైల్లో వస్తూ ఆలోచించాను.

1980 ఫిబ్రవరి 16. నాకు పన్నెండో ఏడు. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక నుంచి మన తెలంగాణ మీదుగా ఒరిస్సా వైపు సాగింది. ఉస్మానియా వారి జపాల్-రంగాపురం అబ్జర్వేటరీకి దేశదేశాల నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. మా ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. మధ్యాహ్నం మూడున్నర దాటాక, పట్టపగలు రెండు నిమిషాలకు పైగా చీకటి. దాని కోసం మనుషులు సముద్రాలు దాటి వచ్చారు. మేము తలుపులు వేసుకున్నాం. మా నాయిన కిటికీలకు గోనెసంచులు కట్టాడు. ఊళ్ళో ఒక్క మనిషి బయట లేడు. గొడ్డు గోద అంతా కొట్టంలో. కోళ్ళు తమంతట తామే గూట్లోకి వచ్చిన చప్పుడు విన్నాను.

మాది పెంకుటిల్లు. ఒక పెంకు సందులోంచి ఎండ పడి ఎదురుగోడ మీద రూపాయి బిళ్ళంత వెలుగు ఉండేది. రోజూ ఉండేదే. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ బిళ్ళ ఒక పక్క కొరికినట్టయింది. తర్వాత సగమైంది. తర్వాత కొడవలిలా, చివరికి గోరంత అయి ఆరిపోయింది. కొంచెం సేపటికి మళ్ళీ ఒక గోరంత వెలుగు, ఈసారి రెండో పక్క. అవ్వకు చూపిస్తే నా కళ్ళు మూసింది. అది సూర్యుడి బొమ్మే అని, సన్నటి సందు ఏదైనా కెమెరాలా పనిచేస్తుందని నాకు సర్వే కోర్సులో కూర్చున్నప్పుడు గానీ అర్థం కాలేదు. క్లాసు మధ్యలో "హా" అన్నాను. ఉస్తాదు చాక్‌పీసు విసిరాడు.

అందుకే నా షోలలో గ్రహణం దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను. ఇంట్లో జల్లెడ తెమ్మంటాను. ఎండలో జల్లెడ పట్టి కింద తెల్లకాగితం పెడితే గ్రహణం రోజు వందల కొడవళ్ళు పడతాయి, కంటికి ఏ ప్రమాదమూ లేదు. సూర్యుడి వైపు సరైన ఫిల్టరు లేకుండా కన్నెత్తి చూడొద్దని పదిసార్లు చెబుతాను, ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన గాజు పనికిరావని చెబుతాను. రోకలి నీళ్ళ పళ్ళెంలో గ్రహణం రోజే నిలబడుతుందంటారు కదా, మామూలు మంగళవారం నాడు బడి వరండాలో పిల్లల చేతనే నిలబెట్టిస్తాను. అడుగు సమంగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. ఒక హెడ్‌మాస్టరు గారు "ఇన్నాళ్ళూ మేం ప్రయత్నించనే లేదు" అన్నారు.

2019 డిసెంబరు 26 ఉదయం గ్రహణం వచ్చింది. కేరళ, తమిళనాడు వైపు ఉంగరంలా, మనకు సూర్యుడిలో చాలా భాగం మూసేసేంత. ఎనిమిది దాటాక మొదలై పదకొండు దాటేదాకా. నేను నెల ముందు నుంచి బడులన్నీ తిరిగాను. ఆ రోజు ఒక బడి మైదానంలో జల్లెడలు, ఫిల్టరు కళ్ళద్దాలు పెట్టుకుని నూరు మంది పిల్లలకు చూపించాను. వేపచెట్టు కింద నేలంతా కొడవళ్ళే. ఒక పాప వాటి మీద కాలు పెట్టకుండా దూకుతూ నడిచింది.

మా అమ్మాయి అప్పుడు ఏడో నెల గర్భిణి. తొలి కాన్పు, మా ఇంట్లోనే ఉంది. ముందురోజు రాత్రి మా ఇంటామె "రేపు పిల్లను గదిలోంచి కదలనివ్వను. కత్తి పీట పట్టకూడదు, వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. మీరు మాట్లాడకండి" అంది. నేను మాట్లాడలేదు. ఊరంతా తిరిగి మైకులో చెప్పిన మనిషిని, నా ఇంట్లో నోరు విప్పలేదు. ఏదన్నా జరిగితే జన్మంతా నన్నంటారు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అదే నా భయం. గర్భిణికి గ్రహణం వల్ల ఏమీ కాదని నాకు తెలుసు. మూడు గంటలు నీళ్ళు తాగకుండా ఉండడమే ఆమెకు మంచిది కాదు. తెలిసీ తెల్లవారుతూనే నా జల్లెడలు తీసుకుని బయటపడ్డాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక అమ్మాయి అన్నం పెడుతూ, "డాడీ, అందరి పిల్లలకీ చూపిస్తావు. నన్నెందుకు పిలవలేదు?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా నాయినకు తెలియక తలుపు వేశాడు. నేను తెలిసి వేయనిచ్చాను. పైగా మాది ఇప్పుడు స్లాబు ఇల్లు. ఆమెకు పెంకు సందు కూడా లేదు.

మనుమరాలు 2020లో పుట్టింది, చక్కగా ఉంది. "చూశారా, జాగ్రత్తగా ఉంచాను కాబట్టే" అని మా ఇంటామె ఇప్పటికీ అంటుంది.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. దేశమంతటికీ వర్తించేది. అమ్మాయి, మనుమరాలు మా దగ్గరే ఉన్నారు. ఈసారి నేను మధ్యాహ్నమే వంటింట్లోకి వెళ్ళి, "రాత్రి పిల్లను డాబా మీదికి తీసుకెళ్తున్నాను. అమ్మాయి కూడా వస్తుంది. చంద్రగ్రహణం ఉత్త కళ్ళతో చూడొచ్చు. నువ్వూ రా" అన్నాను. ఆర్డరులా కాకుండా చెప్పడానికి చాలా కష్టపడ్డాను. ఆమె ఏమీ అనలేదు. ఎప్పటిలాగే ఊరగాయ జాడీల మీద, పాల గిన్నె మీద దర్భలు వేసింది.

పది గంటలకు పట్టు మొదలైంది. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. పదకొండుకు పూర్తిగా పట్టింది, రాగి చెంబు రంగు. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్ళిన ఎర్రటి వెలుగు అది అని చెబుతుంటే మనుమరాలు "తాతా, మాట్లాడకు, చూడనీ" అంది. నా షోలలో ఇంతవరకు నన్నెవరూ అంత సూటిగా ఆపలేదు. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. మా ఇంటామె. స్నానం చేసి, తడి జుట్టుతో, చేతిలో జపమాలతో వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడింది. జపం ఆపలేదు, పైకి చూడడమూ ఆపలేదు. అమ్మాయి వెళ్ళి పక్కన నిలబడింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, అడగనూ లేదు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక్క విషయం. 2034 మార్చి 20 సాయంత్రం సంపూర్ణ సూర్యగ్రహణం జమ్మూ కాశ్మీర్, లడఖ్ మీదుగా వెళ్తుంది. మనవాళ్ళు కాపలా కాసే కొండల మీదే. మర్నాడు ఉగాది, ఆనంద నామ సంవత్సరం. ఆ వేళకు అక్కడ పోస్టింగు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ఫిల్టరు కళ్ళద్దాలు ముందే తెప్పించుకోండి, డ్యూటీ రోస్టరు ఇప్పటి నుంచే సాబ్‌తో మాట్లాడుకోండి. ఆ ప్రాంతంలోనే హాన్లేలో నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున మన దేశపు టెలిస్కోపులు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారే తయారుచేశారు. నాకు అప్పటికి అరవై ఆరు దాటుతాయి. మోకాళ్ళు సహకరిస్తే నేనూ వస్తాను. రెండు టికెట్లు కావాలని ఇప్పటికే ఒకామె చెప్పింది.

బ్లోయరు చప్పుడు వినిపిస్తోంది కదా, గుమ్మటం లేచినట్టుంది. ఒక్కో బ్యాచికి ఇరవై మంది. ముందు పిల్లలు, తర్వాత అమ్మలు, ఆఖరున ఫౌజీలు. చెప్పులు బయట వదలండి, సెల్‌ఫోన్లు ఆపేయండి, గొట్టంలో వంగి రండి. షో అయ్యాక ఎవరూ భోజనాలకు పోవద్దు. పరేడ్ గ్రౌండు లైట్లు పావుగంట ఆర్పమని సాబ్‌ను అడిగి ఒప్పించాను. అక్కడ పిల్లలకోడి నడినెత్తిన ఉంటుంది.